రోడ్డు బాగుపడ్డాకే పడ్డాను

నాలుగేళ్లు గుంతల రోడ్డు మీద బండి నడిపాను. ఒక్కసారి కూడా పడలేదు. కొత్త రోడ్డు వేసిన మూడో నెలలో పడ్డాను.

పోయిన కార్తీకమాసం సంగతి. రాత్రి ఎనిమిది దాటింది. మండల కేంద్రంలో పని చూసుకుని ఇంటికి వస్తున్నాను. ఎదురుగా ధాన్యం లారీ, లైట్లు కళ్లలో కొడుతున్నాయి. దాని వెనక నుంచి ఒక కారు ఓవర్‌టేక్ చేస్తూ నా వైపుకి వచ్చేసింది. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారో నేనూ అదే చేశాను, ఎడమకి జరిగాను. ముందు చక్రం తారు దిగింది. తారుకీ పక్కనున్న మట్టికీ మధ్య బెత్తెడు ఎత్తు ఉంది. గాభరాలో చక్రాన్ని మళ్లీ పైకి ఎక్కించబోయాను. అదే తప్పు. టైరు ఆ అంచుని రాసుకుంటూ నాలుగు బారలు పోయింది, ఆ తర్వాత బండి ఒక పక్కకి, నేను ఒక పక్కకి. నేను పడ్డ చోటికి మూరెడు దూరంలో కిలోమీటరు రాయి ఉంది. హెల్మెట్ పెట్టుకున్నాను గానీ బకిల్ పెట్టలేదు. అది నాకంటే ముందే వెళ్లి పంటబోదెలో పడింది. కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు పట్టీ.

ఆ కిలోమీటరు రాయి తల ఆకుపచ్చ. అంటే స్టేట్ హైవే. పసుపు తల ఉంటే నేషనల్ హైవే, నారింజ రంగయితే గ్రామ సడక్ యోజన కింద వేసిన ఊరి రోడ్డు. పసుపు రోడ్డు గురించి పేపర్లో రోజూ ఏదో ఒకటి వస్తుంది. నారింజ రోడ్డుకి సర్పంచి ఉన్నాడు, నిలదీయొచ్చు. మధ్యలో ఉన్న ఈ ఆకుపచ్చ రోడ్డు ఎవరి పూచీయో మా ఊళ్లో పది మందిని అడిగితే పది జవాబులు వస్తాయి.

పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న. "రోడ్డు బాగానే ఉంది కదా, ఎలా పడ్డావు?" మొదట్లో కారు సంగతి చెప్పేవాణ్ని. తర్వాత విసుగొచ్చి "రోడ్డు బాగుండబట్టే పడ్డాను" అనడం మొదలుపెట్టాను. వెటకారం అనుకున్నారు. కాదు. గుంతలున్నప్పుడు ఆ రోడ్డు మీద ఎవడైనా ముప్ఫై దాటి పోగలడా? లారీ కూడా ఎద్దుబండిలా నడిచేది. తారు పడగానే అందరి స్పీడు రెట్టింపయింది. రోడ్డు వెడల్పు మాత్రం అంతే ఉంది, మలుపులు అవే, కల్వర్టులు అవే, గీతలు లేవు, అంచు మాత్రం కొత్తగా వచ్చింది.

మా మేనమామ ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరు. ఏఈగా చేరి డీఈగా రిటైరయ్యాడు. చూడ్డానికి వచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, నా భుజం కంటే ముందు అంచు గురించి అడిగాడు. "ఎంత దిగుందిరా?" వేళ్లతో చూపించాను. తలాడించాడు.

"తారు పొర మీద పొర వేస్తారు. వేసిన ప్రతిసారీ రోడ్డు రెండంగుళాలో మూడంగుళాలో లేస్తుంది. పక్కన బెర్ము, అదే తారుని ఆనుకుని ఉండే మట్టి అంచు, మాత్రం అక్కడే ఉంటుంది. దాన్ని కూడా గ్రావెల్ పోసి, తడిపి, రోలరు తిప్పి తారుతో సమానంగా లేపాలి. ఎస్టిమేట్లో ఉంటుంది."

"మరి వెయ్యలేదేం మావయ్యా?"

"వేసుంటారు, రెండు తట్టలు. తొక్కించకుండా పోస్తే మొదటి వానకే పోతుంది. చివర చేసే పని కదా. అప్పటికి ఓపెనింగ్ డేటు దగ్గర పడుతుంది, కాంట్రాక్టరు మిషన్లు ఇంకో సైటుకి పోతాయి. అయినా బెర్ముని ఎవడు చూస్తాడురా? ఫొటోలో నల్లగా తారు కనిపిస్తే చాలు."

ఆ అంచు గురించి తర్వాత కొంత చదివాను. అమెరికాలో తారు పరిచేటప్పుడే అంచుని నిటారుగా వదలకుండా సుమారు ముప్ఫై డిగ్రీల వాలుగా నొక్కేస్తారట, సేఫ్టీ ఎడ్జ్ అంటారు. పరిచే యంత్రానికి ఒక ఇనప ముక్క తగిలిస్తే చాలు. చక్రం దిగినా మళ్లీ మెల్లగా ఎక్కుతుంది. ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు. మన పొలం గట్టు మీద ట్రాక్టరు ఎక్కడానికి వాలు వేసుకుంటాం కదా, అంతే.

మావయ్య చెప్పిన ఇంకో మాట నన్ను ఎక్కువ రోజులు పట్టుకుంది. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ప్రతి రోడ్డుకీ గ్యాంగు కూలీలు ఉండేవాళ్లట. పార, గంప, కాస్త తారు డ్రమ్ము. గుంత అరచేయంత ఉన్నప్పుడే పూడ్చేసేవాళ్లు. పక్క కాలవలో పూడిక తీసేవాళ్లు, మలుపు దగ్గర అడ్డొచ్చే తుమ్మకొమ్మలు నరికేవాళ్లు, బెర్ము కోసుకుపోతే మట్టి ఎగదోసేవాళ్లు. వాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. ఆ ఖాళీల్లో ఎవరినీ వేయలేదు. ఇప్పుడు అరచేయంత గుంత దానంతటదే కుండంత అవుతుంది, తర్వాత బావంత అవుతుంది, అప్పుడు పేపర్లో ఫొటో వస్తుంది, ఆపైన కోట్లతో టెండరు. "రోడ్డు వెయ్యడం వేరు, రోడ్డుని నిలబెట్టడం వేరురా. వెయ్యడానికి శిలాఫలకం ఉంది. నిలబెట్టడానికి ఏముంది?"

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ రెండో పని గురించే. మనం రోడ్డు కోసం ఇప్పటికే డబ్బు కడుతున్నాం, తక్కువేమీ కాదు. అందులో మొదటి వాటా రోడ్డుని నిలబెట్టడానికీ, అంచులు సరిచేయడానికీ, గీతలు గీయడానికీ పక్కన పెట్టాలి. అది పక్కన పెట్టాక మిగిలినదాంతోనే కొత్త పొర, వెడల్పు, ప్రారంభోత్సవం. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు. అన్నీ అయ్యాక మిగిలితే మెయింటెనెన్స్. ఎప్పుడూ మిగలదు.

కడుతున్నాం అన్నాను కదా, ఎంతో చూద్దాం. పెట్రోలు మీద రోడ్డు పేరుతో వసూలు చేయడం ఈ దేశంలో కొత్త కాదు. 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. మోటార్లు వాడేవాళ్ల దగ్గర పెట్రోలు మీద సుంకం వసూలు చేసి రోడ్లకే ఖర్చు పెట్టాలని ఆ కమిటీ చెప్పింది. 1929 నుంచి గాలనుకి రెండణాలు అదనంగా వేశారు. దాంతోనే కేంద్ర రోడ్డు నిధి పుట్టింది. ఉద్దేశం చూడండి, ఎంత సూటిగా ఉందో. రోడ్డు వాడేవాడు కట్టాలి, కట్టింది రోడ్డుకే పోవాలి.

2000లో దానికి చట్టం వచ్చింది. 2018లో ఆ నిధి పేరు కేంద్ర రోడ్డు, మౌలిక సదుపాయాల నిధిగా మారింది. "మౌలిక సదుపాయాలు" అన్న రెండు మాటలు చేరడంతో తలుపు బార్లా తెరుచుకుంది. రోడ్డు పేరుతో తీసుకున్న డబ్బు ఇంకా చాలా వాటికి పోవచ్చు. ఆ నిధి కోసమని పెట్రోలు, డీజిలు మీద ప్రత్యేకంగా వేసే పన్నుని సెస్సు అంటారు. ఆ సెస్సు 2020 మేలో లీటరుకి 18 రూపాయల దాకా వెళ్లింది. 2022 మేలో తగ్గించాక పెట్రోలు మీద 5, డీజిలు మీద 2 రూపాయలయింది. సెస్సుకి ఇంకో లక్షణం ఉంది. మామూలు పన్నయితే ఫైనాన్స్ కమిషన్ లెక్క ప్రకారం రాష్ట్రాలకి వాటా వస్తుంది. సెస్సులో అలాంటి వాటా లేదు. ఆ నిధి నుంచి కేంద్రం ఎంత కేటాయిస్తే అంత.

ఇక రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరులో పెట్రోలు, డీజిలు మీద లీటరుకి రూపాయి చొప్పున రోడ్డు అభివృద్ధి సెస్సు వేశారు. అప్పటికే పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, దాని మీద లీటరుకి నాలుగు రూపాయలు ఉంది. ఈ రూపాయి మీద కూడా వ్యాటు ఉంది. రోడ్డు కోసం తీసుకున్న రూపాయికి పన్ను మళ్లీ మనమే కడతామన్నమాట. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాటు 35.2 శాతం. అక్కడివాళ్లు మమ్మల్ని చూసి నవ్వాల్సిన పనేం లేదు.

నా బండి లీటరుకి యాభై ఇస్తుంది. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను. ఇరవై లీటర్లు. ఐదు రూపాయల లెక్కన చూసినా కేంద్రం సెస్సు నూరు, రాష్ట్రం సెస్సు ఇరవై. నెలకి నూట ఇరవై, ఏడాదికి 1,440 రూపాయలు. ఇది కేవలం "రోడ్డు" అని పేరు రాసి మరీ తీసుకున్నది. వ్యాటు, ఎక్సైజు, బండి కొన్నప్పుడు కట్టిన లైఫ్ టాక్సు వేరే. మా ఊళ్లో నాలుగు వందల బండ్లు ఉంటాయి. అందరూ నాలాగే తిరిగితే ఏటా ఐదు లక్షల డెబ్బై ఆరు వేలు. మా ఊరి పొలిమేర నుంచి పొలిమేర దాకా ఉన్న మూడు కిలోమీటర్ల బెర్ముని సరిచేయడానికి అది చాలదా అని మావయ్యని అడిగాను. ఆయన నవ్వాడు. "గీతలు కూడా గియ్యొచ్చు."

మరి ఆ రాష్ట్ర రూపాయి ఏమైంది? రోడ్ల అభివృద్ధి కార్పొరేషన్‌కి వెళ్లింది. ఆ రాబడిని చూపించి 2021లో రోడ్ల రిపేర్ల కోసం రెండు వేల కోట్ల రూపాయల బ్యాంకు అప్పుకి వెళ్లారు. అప్పు చేయడం తప్పని నేను అనను. కానీ లెక్క చూడండి. తారు పొర అయిదారేళ్లు ఉంటుంది. ఏటా వచ్చే రూపాయిని ముందే కుదువ పెట్టేశాక, రేపు గుంత పడితే పూడ్చడానికి రూపాయి ఏది? అది కిస్తీకి పోతుంది. అందుకే మళ్లీ గుంతలు, మళ్లీ అప్పు, మళ్లీ పొర, మళ్లీ అంచు ఇంకో రెండంగుళాలు. ఒక దశలో టెండర్లు పిలిస్తే వేసేవాడే లేకపోయాడు, పాత బిల్లులు రాని కాంట్రాక్టరు కొత్త పనికి ఎందుకు వస్తాడు? 2024లో ప్రభుత్వం మారాక సంక్రాంతి కల్లా గుంతలు లేకుండా చేస్తామని పెద్ద కార్యక్రమం పెట్టారు. చాలా చోట్ల పూడ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను పడ్డ రోడ్డూ ఆ తర్వాత బాగుపడ్డదే. కానీ గుంతలు పూడ్చడం ఒక పండక్కి చేసే పని అయిందంటేనే, అది రోజూ చేసే పని కాకుండా పోయిందని కదా అర్థం.

ఇప్పుడు టోలు మాట వినిపిస్తోంది. 2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అసెంబ్లీలోనే చెప్పారు, రాష్ట్ర రోడ్ల నిర్వహణని ఏజెన్సీలకి ఇచ్చి టోలు పెట్టే ఆలోచన ఉందని, మొదట గోదావరి జిల్లాల్లో చూస్తామని, బైకులకీ ఆటోలకీ ట్రాక్టర్లకీ టోలు ఉండదని. తెలంగాణలో హ్యామ్, అంటే హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి అంటున్నారు. పనిలో నలభై శాతం డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, అరవై శాతం కాంట్రాక్టరు తెస్తాడు, దాన్ని ప్రభుత్వం ఏళ్ల తరబడి వాయిదాల్లో తీరుస్తుంది. హైదరాబాదు నుంచి కరీంనగర్ మీదుగా పోయే రాజీవ్ రహదారి స్టేట్ హైవేనే. దాని మీద దుద్దెడ దగ్గర, రేణికుంట దగ్గర, బసంత్‌నగర్ దగ్గర ఏళ్లుగా టోలు కడుతూనే ఉన్నారు. కాబట్టి ఇది కొత్త సంగతేం కాదు.

హ్యామ్ నాకు నచ్చే విషయం ఒకటుంది. వేసినవాడే ఏళ్ల తరబడి చూసుకోవాలి కాబట్టి నాసిరకంగా వేస్తే వాడికే నష్టం. టోలు గురించి నా భయం డబ్బు గురించి కాదు. బైకులకి టోలు లేదన్నారు, సంతోషం. కానీ 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లలో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. ఆ తర్వాత నడిచేవాళ్లు. అంటే రోడ్డు మీద డబ్బు కట్టేవాడు కారులో ఉంటాడు, ప్రాణం పోయేవాడు బైకు మీద ఉంటాడు. టోలు ఏజెన్సీకి కస్టమరు ఎవరు? కారువాడు, లారీవాడు. వాళ్లకి కావాల్సింది నున్నటి తారు, స్పీడు. నాకు కావాల్సింది బెర్ము, మా స్కూలు పిల్లలకి కావాల్సింది రోడ్డు దాటే చోటు, అవతల కూలికి నడిచివెళ్లే ఆడవాళ్లకి కావాల్సింది రెండడుగుల కాలిబాట. వీటి వల్ల ఏ బూత్‌లోనూ ఒక్క రూపాయి రాదు. అగ్రిమెంటులో మొదటి పేజీలోనే రాయకపోతే ఇవన్నీ మళ్లీ ఆ చివరి రెండు తట్టల గ్రావెలే అవుతాయి.

"అసలు తప్పంతా నడిపేవాళ్లది" అనే మాట కూడా నాకు తెలుసు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో 1,68,491 మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 8,293 మంది, తెలంగాణలో 7,559 మంది. మొత్తం మరణాల్లో డెబ్బై శాతానికి పైగా ఓవర్ స్పీడ్ ఖాతాలో ఉన్నాయి. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029. బకిల్ పెట్టనివాణ్ని కాబట్టి ఆ అంకె చదువుతుంటే నాకు చెమట పట్టింది. మన తప్పులు బోలెడు. రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతాం. రాంగ్ రూట్లో వస్తూ ఎదుటివాడినే తిడతాం. మా ఊరి గేదెలకి సాయంత్రం ఐదున్నరకి ఆ రోడ్డే రాజమార్గం.

కానీ అదే లెక్కల్లో ఇంకో వరస ఉంది, దాన్ని ఎవరూ చదవరు. ఆ ఏడాది స్టేట్ హైవేల మీద చనిపోయినవాళ్లు 41,012 మంది. దేశం మొత్తం రోడ్ల పొడవులో స్టేట్ హైవేలు మూడు శాతం కూడా లేవు. మరణాల్లో మాత్రం నాలుగో వంతు. డ్రైవర్లు ఆకుపచ్చ రాయి కనబడగానే చెడ్డవాళ్లయిపోరు కదా. ఊరి మధ్యలోంచి పోతూ, ఊరి రోడ్డంత సన్నగా ఉంటూ, హైవే అంత స్పీడు ఇచ్చే రోడ్డు అది. సగం ఇదీ, సగం అదీ. నేను పడ్డ ప్రమాదం మాత్రం ఏ లెక్కలోనూ లేదు, నేను కేసు పెట్టలేదు. పెట్టినా కాగితం మీద "అజాగ్రత్తగా నడుపుతూ అదుపు తప్పి" అనే రాసేవారు. అంచు ఎత్తు ఎంతో రాయడానికి ఆ కాగితంలో గడి ఉండాలి కదా.

చట్టంలో మాత్రం గడి ఉంది. 2019 మోటారు వాహనాల సవరణలో 198ఏ సెక్షన్ పెట్టారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా వికలాంగుడయినా అధికారి గానీ కాంట్రాక్టరు గానీ కన్సల్టెంటు గానీ బాధ్యుడే. శిక్ష? లక్ష రూపాయల దాకా జరిమానా. తాగి నడిపితే మొదటిసారికి పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఊరు మొత్తం పడే అంచు వదిలేస్తే లక్ష, జైలు మాట లేదు. ఆ లక్ష కూడా పోయినవాడి ఇంటికి నేరుగా రాదు, మోటారు వాహనాల ప్రమాద నిధికి పోతుంది.

టిప్పర్ల సంగతి చెప్పకుండా రోడ్డు డబ్బు గురించి మాట్లాడటం దొంగ లెక్క అవుతుంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా రెండేళ్లు లారీలని అదే పనిగా తిప్పి ఒక పరీక్ష చేశారు. అందులో తేలింది ఏమిటంటే, ఇరుసు మీద బరువు రెండింతలయితే రోడ్డుకి జరిగే నష్టం రెండింతలు కాదు, సుమారు పదహారింతలు. నాలుగో ఘాతం, అంటే రెండుని నాలుగుసార్లు వేసి హెచ్చించినట్టు. మన దగ్గర 2018లో నాలుగు టైర్ల ఇరుసుకి చట్టబద్ధమైన బరువుని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకి పెంచారు. పెరిగింది పదమూడు శాతం లోపే కదా అనిపిస్తుంది. నాలుగో ఘాతం వేసి చూస్తే నష్టం అరవై శాతం పెరుగుతుంది. ఇదంతా చట్టం ఒప్పుకున్న బరువు. పైన టార్పాలిన్ కట్టీ కట్టకుండా, చెక్కల మీదుగా పొంగిపోయేట్టు వెళ్లే ఇసుక, గ్రావెల్ లోడు ఎన్ని టన్నులో దాన్ని ఆపనివాళ్లకే తెలియాలి. అర టన్ను ఇరుసు ఉన్న కారుతో పోలిస్తే 11.5 టన్నుల ఇరుసు ఒక్కసారి వెళ్తే రెండు లక్షల డెబ్బై తొమ్మిది వేల రెట్లు ఎక్కువ నష్టం. నా బైకుతో పోల్చాలంటే ఆ అంకె పక్కన ఇంకా సున్నాలు పెట్టాలి. కానీ లీటరుకి పెట్రోలు మీద ఐదు, డీజిలు మీద రెండు. రోడ్డుని అరగదీసేవాడు తక్కువ కడతాడు, అరగదీయనివాడు ఎక్కువ కడతాడు. డీజిలు ధర పెరిగితే కూరగాయల ధర పెరుగుతుందని తెలుసు, అందుకే డీజిలు సెస్సు పెంచమని అడగను. ఓవర్‌లోడు ఆపమని అడుగుతాను. అది ఖర్చు లేని రోడ్డు రిపేరు.

2025 నవంబరు 3 పొద్దున్న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సుని గుద్దింది. కంకర బస్సులోకి ఒరిగింది. పంతొమ్మిది మంది పోయారు. అది నేషనల్ హైవేనే, కానీ పేరుకే. ఎదురెదురుగా పోయే రెండు వరసల రోడ్డు. నాలుగు వరసలు చేద్దామంటే దారి పొడవునా ఉన్న తొమ్మిది వందలకి పైగా మర్రిచెట్ల గురించి హరిత ట్రిబ్యునల్‌లో ఏళ్లు నడిచింది. ప్రమాదం తర్వాత చాలామంది చెట్లని కాపాడమన్నవాళ్లని తిట్టారు. నాకది న్యాయంగా అనిపించలేదు. వెడల్పు చేయడం ఆగింది, సరే. ఆ ఏళ్లలో స్పీడు తగ్గించే పనులు చేయొద్దనీ, మలుపుల్లో గీతలూ రిఫ్లెక్టర్లూ పెట్టొద్దనీ, టిప్పర్ల బరువు తూచొద్దనీ ఏ చెట్టూ చెప్పలేదు. పెద్ద పని వస్తుంది కదా అని చిన్న పనులన్నీ ఆపేయడం మనకి అలవాటు. పెద్ద పని ఎప్పుడూ వచ్చే ఏడాదే.

చేయాలనుకుంటే ఎంత తొందరగా చేయగలరో కూడా చూశాం. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు నేషనల్, స్టేట్ హైవేలకి ఐదు వందల మీటర్ల లోపు మద్యం అమ్మకూడదంది, 2017 ఏప్రిల్ నుంచి అమలు చేయమంది. తర్వాత చిన్న ఊళ్లకి 220 మీటర్లు అంది. దుకాణాలు కదిలిన చోట కదిలాయి. చాలా రాష్ట్రాలు ఇంకా తెలివైన పని చేశాయి. దుకాణాన్ని కదపకుండా రోడ్డునే కదిపాయి! స్టేట్ హైవే అనే పేరు తీసేసి జిల్లా రోడ్డు అనో ఊరి రోడ్డు అనో జీవోలు ఇచ్చాయి. రోడ్డు అదే, లారీలు అవే, సీసాలు అవే. ఫైలు మాత్రం వారాల్లో కదిలింది. బెర్ము మీద గ్రావెల్ పోయడానికి శాంక్షన్ ఎందుకు రాదని అడిగినప్పుడల్లా నాకు ఆ జీవోలు గుర్తొస్తాయి.

మా ఊరి బడి దగ్గర మలుపు ఉంది. దానికి బ్లాక్ స్పాట్, అంటే ప్రమాదాలు ఎక్కువ జరిగే చోటు అని బోర్డు పెట్టించమని నిరుడు ఒక కార్యాలయానికి వెళ్లాం, నేనూ ఇంకో ఇద్దరం. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. నిర్వచనం చదివి వినిపించాడు. సుమారు ఐదు వందల మీటర్ల లోపు, మూడేళ్లలో, చావు గానీ తీవ్ర గాయం గానీ ఉన్న ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. మా మలుపు దగ్గర కేసు నమోదయినవి మూడు. "లెక్క ప్రకారం ఇంకా రెండు తక్కువండి" అన్నాడు. అన్నాక తనే తల దించుకున్నాడు. బయటికొచ్చి ముగ్గురం చాలాసేపు బండ్లు తీయలేదు.

అందులో మూడోది జరిగిన వారానికే మావాళ్లు స్పీడ్ బ్రేకర్ వేసేశారు. ఎవరి ఇంటి స్లాబు పనిలోనో మిగిలిన కాంక్రీటు తెచ్చి, రాత్రికి రాత్రి. రోడ్ల ప్రమాణాలు రాసే ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రకారం అయితే స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, పది సెంటీమీటర్ల ఎత్తుతో, బోర్లించిన చేటలా ఉండాలి. ముందుగా బోర్డు ఉండాలి, గీతలు ఉండాలి. మాది అడుగు వెడల్పు, అంతే ఎత్తు, పడుకున్న దూలంలా ఉంటుంది. రెండో రోజు రాత్రి పక్క ఊరి కుర్రాడు చూసుకోకుండా దాని మీద నుంచి ఎగిరి పడ్డాడు. పళ్లు రెండు ఊడాయి. పోలీసులు వచ్చి ఇది చట్టవిరుద్ధం, తీసేయండన్నారు. ఆడవాళ్లు వెళ్లి దాని మీద కూర్చున్నారు. తీయలేదు. తీయమని అన్నవాళ్లూ మళ్లీ రాలేదు.

అప్పటినుంచి దానికి సున్నం కొడుతున్నాం. వానకి పోతుంది, మళ్లీ కొడతాం. నెలకి ఒక బస్తా, బ్రష్షు అప్పుడప్పుడు. ఇంటికి పది రూపాయలు. నా పట్టీ విప్పిన మర్నాడే చందా పుస్తకం పట్టుకుని పిల్లలు వచ్చారు. కుడి చెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదని ఎడమ చేత్తో సంతకం పెట్టి పది రూపాయలిచ్చాను. ఆ సాయంత్రం పెట్రోలు కొట్టించుకుని వస్తూ చూశాను, సున్నం ఇంకా ఆరలేదు, అప్పుడే ఒక టిప్పర్ దాని మీద నుంచి వెళ్లింది. తెల్లటి టైరు గుర్తులు కిలోమీటరు రాయి దాకా పోయాయి.